తోక ఉన్న రెండు

ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. కింది గదిలో ఉండే ఇస్త్రీ పెద్దమ్మ ఏదో ఒక రోజు ఆ రాళ్ల మీది అంకెలు చూసి, అవి ఎవరి చేతివో గుర్తుపడుతుందని. పాపకు జ్వరం వస్తుందన్న భయం, భర్త నిచ్చెన మీంచి పడతాడన్న భయం, గ్యాసు కట్టేశానో లేదో అన్న భయం, ఇవన్నీ రోజూ ఉండేవే. వచ్చి పోతుంటాయి. ఇది మాత్రం నాలుగు నెలలుగా పోలేదు.

భర్త పెయింటరు. ఊరి బయట వేసిన ప్లాట్లలో నలభై నంబరు రాళ్లకు రంగు వేసింది వాళ్లిద్దరే. తెల్ల రంగు అతను పూస్తే, ఎర్ర రంగుతో అంకెలు ఆమె రాసింది. ఏడో తరగతి సగంలో బడి ఆగిపోయినా అంకెలు చేతిలో ఉండిపోయాయి. రెండు అంకె చివర తోకను పైకి మెలితిప్పే అలవాటు కూడా అలాగే ఉండిపోయింది. దాన్ని మాన్పించడానికి లెక్కల టీచరు స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. మానలేదు.

సోమవారం పొద్దున్నే కంపెనీ మేనేజరు మెట్లెక్కి వాళ్ల గదికి వచ్చాడు. ఎవరేమన్నా నవ్వుతూనే ఉంటాడని ప్లాట్లు కొన్నవాళ్లు అతన్ని నవ్వుల సారు అంటారు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, జేబులోంచి చాక్లెట్ తీసి పాప చేతిలో పెట్టాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి వచ్చి, పాప వేళ్లు ఒక్కొక్కటే విప్పి, గొంతులో అడ్డం పడేలా ఉన్న ఆ గుండ్రటి చాక్లెట్‌ను పైఅరలో పెట్టేసింది.

"గురువారం సర్వే ఆఫీసరు వస్తున్నాడు. ఈలోపు నలభై రాళ్లూ గీకేయాలి. పైపైన కాదు, అడుగున రాయి కనబడాలి. ఎనభై ఒకటి నుంచి నూట ఇరవై దాకా మళ్లీ కొత్తగా ఒకే పూత," అన్నాడు మేనేజరు.

"ఉన్న నంబర్లు కూడా అవే కద సార్. రంగు కూడా బాగానే ఉంది," అన్నాడు భర్త.

"బాగుంటే నేనెందుకు ఇన్ని మెట్లెక్కుతాను?"

భర్తకు తెలియక అడగలేదు. ఆ రాళ్లకు వాళ్లు మూడుసార్లు రంగు వేశారు. మొదట ఒకటి నుంచి నలభై. ఆర్నెల్ల తర్వాత రెండో విడత అన్నారు. పాత బుకింగులు రద్దయ్యాయి, ప్లాను మారింది, నలభై ఒకటి నుంచి ఎనభై వరకు రాయమన్నారు. తర్వాత మూడో విడత. ప్రతి విడతలోనూ కొన్నవాళ్లను వ్యానులో తీసుకొచ్చి, వాళ్ల నంబరు రాయి పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. నాలుగు నెలల కింద ఒకే పొద్దున రెండు కుటుంబాలు ఒకే రాయి దగ్గర ఇసుక దింపుకున్నాయి. ఒకే రాయిని ముగ్గురికి అమ్మారని అప్పుడు బయటపడింది. కంపెనీ మాత్రం రాళ్ల మీద ఎప్పుడూ ఈ నంబర్లే ఉన్నాయనీ, మొదటి రెండు విడతల ప్లాట్లు వెనకాల, పాత క్వారీ గుంటలో ఉన్నాయనీ, కొన్నవాళ్లే సరిగా చూసుకోలేదనీ అంటోంది.

నంబర్లు ఎందుకు మారుస్తున్నారని అడగాలని వాళ్లిద్దరికీ తోచకపోలేదు. అడిగితే పని పోతుందని కూడా తోచింది.

"మా ముప్ఫై రెండు సంగతి సార్," అన్నాడు భర్త. రెండేళ్ల కూలి డబ్బు తీసుకోకుండా, పైన ఆమె గొలుసు కలిపి కొన్న ప్లాటు అది. ఇప్పుడది కూడా గుంటలోనే ఉంది.

"అందుకే కదయ్యా వచ్చింది. పని అయ్యాక శుక్రవారం వచ్చి చెక్కు తీసుకుపో. మీది మొత్తం వెనక్కి ఇచ్చేస్తున్నాం. ఇంకెవరికీ ఇవ్వట్లేదు. నోరు జాగ్రత్త."

అతను లేచేసరికి గుమ్మంలో ఇస్త్రీ పెద్దమ్మ నిలబడి ఉంది. చంకలో గుడ్డ సంచి.

"ఏం పెద్దమ్మా, మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"మోకాళ్లకేం సారూ, మీ ఆఫీసు చుట్టూ తిప్పి తిప్పి నూనె పెట్టారుగా, బాగా ఆడుతున్నాయి. నా ఇరవై రెండు ఎప్పుడిస్తారు?"

"మీ ఇరవై రెండు ఎక్కడికి పోతుంది?" అని నవ్వుతూ ఆమెను దాటి దిగిపోయాడు.

పెద్దమ్మ కింద కూర్చుని సంచిలోంచి మూడు రేకు డబ్బాలు తీసింది. గుండెకూ బీపీకీ వేసుకునే మాత్రలు. ఆమెకు చదువు రాదు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని తెలియడానికి మూడేళ్ల కింద వాటి మీద 1, 2, 3 అని మిగిలిన ఎర్ర రంగుతో రాసిచ్చింది ఈ పిల్లే.

"మధ్యది చెరిగిపోయింది. కాస్త దిద్దవే తల్లీ."

ఆమె సన్న బ్రష్ తీసింది. చెయ్యి అలవాటుగా కదిలి, అంకె అడుగుకు వచ్చాక ఆగింది. తోక దగ్గర. పెద్దమ్మ ముఖం చేతికి జానెడు దూరంలో ఉంది. బ్రష్‌ను నేరుగా కుడికి లాగేసింది. బడి పుస్తకంలో అచ్చేసినట్టున్న రెండు.

పెద్దమ్మ డబ్బాను కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇదెవరి రెండే? తోకది మధ్యాహ్నానికి అని కదా నా గుర్తు. ఇది మూడుకు చుట్టంలా ఉంది."

"బ్రష్ బాగాలేదు పెద్దమ్మా. మధ్య డబ్బా మధ్యాహ్నం అని గుర్తుపెట్టుకో."

"డబ్బాలు వరసలో నిలబడితే గుర్తుపెట్టుకుందును. సంచిలో వేస్తే అవీ మనుషుల్లాగే కలిసిపోతాయి," అంటూ పెద్దమ్మ లేచింది. రంగు ఆరేదాకా ఆ డబ్బాను మూత పట్టుకుని దూరంగా మోసుకుంటూ మెట్లు దిగింది.

మంగళవారం పందొమ్మిది రాళ్లయ్యాయి. రాయి మీద రంగు ఊడే మందు పూసి, అది పొక్కులు లేచేదాకా ఆగి, లప్పం బ్లేడుతో గీకి, గరుకు కాగితం పెట్టి రుద్దాలి. మందు చుక్క చర్మం మీద పడితే భగ్గున మండుతుంది. పాపను స్కూటరు నీడలో పాత దుప్పటి మీద కూర్చోబెట్టి, ప్రతి రెండు నిమిషాలకూ తలెత్తి చూసుకుంటూ ఆమె గీకింది.

బుధవారం కూడా అదే పని. గీకుతుంటే మూడు తెల్లపూతల మధ్య నుంచి తన అంకెలు తనకే ఎదురొచ్చాయి. 95 కింద 55, దాని కింద 15. 99 కింద 59, దాని కింద 19. కొన్ని ముక్కలు అంకెతో సహా పెచ్చులుగా ఊడి గడ్డిలో పడ్డాయి.

"ఒక్కో రాయికి మూడు పేర్లు పెట్టాం. మన పాపకు ఒక్కటి పెట్టడానికే ఆర్నెల్లు కొట్టుకున్నాం," అన్నాడు భర్త. తనే అని తనే నవ్వబోయి మానేశాడు.

"ఈ యాభై తొమ్మిది ఎవరిదో."

"ఎవరిదైతే ఏం? మధ్యాహ్నం దాటింది, గీకు."

"వాళ్లు ఈ రాయి పక్కన నిలబడి ఫొటో దిగుంటారు."

"మనమూ దిగాం. ముప్ఫై రెండు దగ్గర. నువ్వు కొత్త చీర కట్టుకున్నావ్. నేను తల దువ్వుకున్నాను. ఏమైంది?"

ఆమె తర్వాతి రాయికి జరిగింది. దాని కుడి భుజం విరిగి ఉంది. పెద్దమ్మ ఫొటోలో కూడా ఆ విరుగు కనిపిస్తుంది. పెద్దమ్మ దాని మీద చెయ్యేసి, పక్కింటి పిల్లాడి భుజం మీద వేసినట్టు, నిలబడి ఉంటుంది. ఈ ఒక్కదాన్ని తర్వాత చేద్దామని నిన్నటి నుంచి దాటేస్తూ వచ్చింది. బ్లేడు మూల పెట్టి నెమ్మదిగా కదిపింది. 102 పక్కన బొటనవేలంత పెచ్చు లేచింది. లోపల ఎరుపు.

"ఏమే, నా రాయికి తలంటు పోస్తున్నావా?"

బ్లేడు చేతిలోంచి జారింది. పెద్దమ్మ గట్టు మీద నిలబడి ఉంది, ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేతిలో తడిగుడ్డ. బుధవారం ఆమె ఇస్త్రీ బండి తియ్యదు. ఆ రోజున బస్సెక్కి ఇక్కడికి వచ్చి తన రాయి తుడిచిపోతుందని అప్పటిదాకా వీళ్లకు తెలియదు.

"ఎండలో ఎందుకొచ్చావు పెద్దమ్మా?" అన్నది ఆమె.

"కళ్లు తిరుగుతున్నాయే. పొద్దున్నే మధ్యాహ్నం డబ్బా మింగానో ఏమో. కాసేపు కూర్చుంటాను." రాయికి ఆనుకుని గడ్డిలో కూర్చుంది. లేచిన పెచ్చును గోటితో తాకి చూసింది. "రాసింది నువ్వేగా."

ఇన్నాళ్లూ భయపడిన మాట అంత చిన్నదా అనిపించింది ఆమెకు. భర్త అవతలి రాయి దగ్గర డబ్బాలో కర్ర పెట్టి రంగు కలుపుతూ ఉన్నాడు. కలపడం ఆపలేదు.

"ఎప్పుడు తెలిసింది?"

"కొన్న రోజే. ఆ సారు బోలెడు కాగితాలు ముందర పెట్టాడు. నాకేం తెలుస్తుంది అందులో. మన ఇంటి ఓనరు చదివి అంతా బాగుందన్నాడు. వాడు నా దగ్గరే చొక్కాలు తక్కువ లెక్క చెబుతాడు, వాడి మాట ఎట్లా నమ్మను? వెళ్లిపోదామని లేచాను. అప్పుడు ఈ రాయి కనబడింది. రెండు తోకలు. మా మధ్యాహ్నం డబ్బా తోకలే. పైగది పిల్ల చెయ్యి పెట్టిందంటే ఇందులో మోసం ఉండదులే అనుకుని వేలిముద్ర వేశాను."

నిందించినట్టు లేదు ఆ మాట. ఎన్ని చొక్కాలు, ఎన్ని ప్యాంట్లు అని మూట అప్పజెప్పినట్టు ఉంది.

"మరి నన్ను అడగలేదేం, ఈ నాలుగు నెలలూ?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవాలి కదా. ఒప్పుకున్నాక నా ముఖం ఎట్లా చూస్తావు? డబ్బాల మీద అంకెలు ఎవరు దిద్దుతారు?" పెద్దమ్మ తడిగుడ్డతో రాయి అంచు తుడిచింది. "మొన్న తోక లేకుండా రాశావు చూడు, అప్పుడే అనుకున్నాను, వీళ్లు ఇంకా ఏదో చెయ్యబోతున్నారని."

ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. మందు పడిన చోట అప్పటిదాకా తెలియని మంట తెలిసింది.

"రేపు తోక పెడతాను పెద్దమ్మా."

"పెట్టు. ముందు నన్ను బస్సెక్కించు."

పాపను చంకనెత్తుకుని, పెద్దమ్మ మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాకా నడిచింది. బస్సు వచ్చేసరికి పొద్దు వాలింది. తిరిగొచ్చేసరికి విరిగిన భుజం రాయి తెల్లగా, తడిగా మెరుస్తోంది. భర్త దానికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

"గీకేశావా?"

"నూట రెండు రాయి. పొద్దుపోతోంది."

"ఆమె నా చెయ్యి చూసి కొన్నదట."

"విన్నాను."

"విని కూడా గీకేశావు."

"శుక్రవారం చెక్కొస్తుంది. పాపను బళ్లో వెయ్యాలి. నీకు ఆమె కావాలా, మనం కావాలా?" అని, జవాబు కోసం చూడకుండా నిచ్చెనలాంటి తన పొడుగు నీడను తొక్కుకుంటూ మిగతా రాళ్ల వైపు వెళ్లాడు. తెల్లపూత ఆరాక ఆమె మోకాళ్ల మీద కూర్చుని 102 రాసింది. ఈసారి చెయ్యి ఆపలేదు. తోక దానంతటదే వచ్చింది.

గురువారం పదింటికి ఆఫీసరు జీపు దిగాడు. కొన్నవాళ్లు ముప్ఫై మందిదాకా ఫొటోలు పట్టుకుని నిలబడ్డారు. ఇంటి ఓనరు అందరికంటే ముందున్నాడు. పెద్దమ్మ అందరికంటే వెనక ఉంది. పెయింటరు రంగు డబ్బాలతో పక్కన ఉండాలని మేనేజరే చెప్పాడు, ఆఫీసరు ఏ రాయి మీదన్నా మరక చూపిస్తే దిద్దడానికని. ఆమె పాపతో భర్త వెనక నిలబడింది.

ఆఫీసరు ఒక్కో రాయినీ ప్లాను కాగితంతో సరిచూసుకుంటూ నడిచాడు. ప్రతి రాయి దగ్గరా ఎవరో ఒకరు ఫొటో చూపించారు. "ఫొటోలో నంబరు సరే, ఆ రాయి ఈ రాయే అని ఎట్లా చెప్పడం? రాళ్లన్నీ ఒకేలా ఉన్నాయి కదా," అన్నాడు. విసుగేం లేదు అతని గొంతులో. నిజంగానే అడిగాడు. "నంబర్లు మార్చడం ఎవరైనా కళ్లారా చూశారా?"

చూసినవాళ్లు అక్కడ ఇద్దరే.

ఆమె పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. భర్త మెడ వెనక చెమట కాలరు లోపలికి దిగుతోంది. ఆ కాలరు పెద్దమ్మ ఇస్త్రీ చేసిందే. వీళ్ల దగ్గర ఎప్పుడూ పైసా తీసుకోదు.

"మార్చింది నేనే," అన్నది ఆమె. "మూడుసార్లు రాశాను."

ముందు నవ్వింది మేనేజరు. "కూలి అమ్మాయి సార్. డబ్బు గుంటలో పడేసరికి మతి చెదిరింది. అమ్మా, ఏదీ, చూపించు మరి."

చూపించడానికి ఏమీ లేదని ఆమెకు తెలుసు. నలభై రాళ్లనూ నున్నగా చేసింది తమ చేతులే. అయినా విరిగిన భుజం రాయి దగ్గరికే కాళ్లు వెళ్లాయి. పాపను దించి, బ్లేడు తీసుకుని, అంకె పక్కన ఆనించి నెట్టింది. రాయి గరగర వినబడుతుందనుకుంది. వినబడలేదు. బ్లేడు మెత్తగా దిగింది. తెల్ల పెచ్చు లేచింది. దాని కింద ఎరుపు. ఇంకా నెట్టింది. 62. ఇంకా. 22.

ఆమె తల తిప్పి భర్త వైపు చూసింది. అతను గుడ్డ ముక్కతో బ్రష్ తుడుస్తున్నాడు. ఆ బ్రష్ పొద్దున్నుంచి రంగులో ముంచలేదు.

"రాసింది నువ్వేననడానికి రుజువేంటి?" అన్నాడు ఆఫీసరు.

పెద్దమ్మ గుంపును తోసుకుంటూ వచ్చి, సంచిలోంచి మధ్య డబ్బా తీసి అతని ముందు పెట్టింది. "ఇదిగో సారూ, ఈ పిల్ల చెయ్యే. కలిపి చూడండి."

మేనేజరు వంగి చూశాడు. "రెండూ ఒకలా ఉన్నాయా సార్? దానికి తోక ఉంది. దీనికి లేదు."

పెద్దమ్మ డబ్బా వెనక్కి తీసుకుని, చెంగులో దాచుకుంది. అప్పుడా పిల్ల ముఖంలోకి చూడలేదు. ఆ పిల్లే ఆఫీసరు చేతిలోని పెన్ను అడిగి తీసుకుని, అతని అట్ట మీది కాగితం అంచున వరసగా నాలుగు రెళ్లు రాసింది. నాలుగింటికీ తోకలు పైకి మెలిక పడ్డాయి. ఆఫీసరు కాగితాన్ని రాయి పక్కన పెట్టి ఫొటో తీసుకున్నాడు.

"మిగతా రాళ్లు?"

"గీకేశాం సార్. నిన్న సాయంత్రానికి అయిపోయాయి."

ఆ మాటకు గుంపులో ఎవరో మూలిగారు. సోమవారమే నోరు విప్పి ఉంటే నలభై రాళ్లూ మాట్లాడేవి. ఇప్పుడు మాట్లాడింది ఒక్కటే. ఇంటి ఓనరు ఫొటో పక్కన తన రాయి నున్నగా, తెల్లగా ఉంది. అతను ఆమెను తిట్టలేదు. నేరుగా ఇంటికి వెళ్లాడు.

భార్యాభర్తలు సర్వే ఆఫీసులో సంతకాలు పెట్టి సాయంత్రం తిరిగొచ్చేసరికి గిన్నెలు, పరుపు, పాప చెప్పులు మెట్ల మీద ఉన్నాయి. గదికి కొత్త తాళం. బయట మరో నలుగురు కొన్నవాళ్లు నిలబడి ఉన్నారు. మళ్లీ ఈ వీధిలో కనబడితే కాళ్లు విరుగుతాయన్నారు. భర్త ఆటోలో సామాను సర్దాడు. ఆమె ఎర్ర రంగు డబ్బా, సన్న బ్రష్ తీసుకుని కింది గదికి పరిగెత్తింది. తాళం వేసి ఉంది. పెద్దమ్మ ఇంకా ఆఫీసులోనే ఉంది, వేలిముద్రల వరసలో. ఆటో అతను హారన్ కొట్టాడు. పాప ఏడుపు ఎత్తుకుంది. ఆమె బ్రష్ పట్టుకుని ఆ తాళం ముందు ఎంతసేపు నిలబడగలదో అంతసేపు నిలబడింది.

తర్వాత తెలిసింది ఇంతే. ఆ ఒక్క రాయిని కొన్న ముగ్గురికి డబ్బు వెనక్కి ఇవ్వాలని తేల్చారట. అందులో పెద్దమ్మ ఉంది. ఎప్పుడిస్తారో తెలియదు. మిగతావాళ్లది విచారణలో ఉంది. తప్పు చేసినవాళ్ల జాబితాలో మేనేజరు పేరు లేదు, పెయింటరు పేరు ఉంది, దాని కింద ఆమె పేరు ఉంది. శుక్రవారం చెక్కు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇంకో ఊళ్లో, ఇంకో గదిలో, భర్త రోజుకూలికి గోడలు గీకుతున్నాడు. ఆ రాయిని ఎందుకు వదిలేశావని ఆమె ఒకసారి అడిగింది. పొద్దుపోయింది కదా అన్నాడు.

ఆమె ఆ వీధికి వెళ్లలేదు. మీరు వెళ్లగలరు. వీధి మలుపులో ఇస్త్రీ బండి, దాని వెనక మూడంతస్తుల ఇల్లు, కింద కుడివైపు గది. బట్టలు ఇవ్వడానికి వచ్చామని చెప్పండి, కాదనదు. మాటల్లో పెట్టి మందుల సంచి అడగండి. మూడు డబ్బాల్లో మధ్యదాని మీద రెండు అంకెకు తోక ఉందో లేదో చూడండి. లేకపోతే ఏ రంగుతోనైనా సరే, అడుగుగీత చివర పైకి ఒక చిన్న మెలిక పెట్టండి. ఏ పూట ఏ డబ్బా మింగుతోందో ఒక్కసారి దగ్గర కూర్చుని చూడండి.